నూనె, పులుపు, ఒరెగానో: గ్రీకు సలాడ్‌లో అసలు పాతదేది?

గ్రీకు సలాడ్ పేరు వినగానే ముందు గుర్తొచ్చేవి పళ్లెం నిండా రంగులు. పెద్ద పెద్ద టమాటా ముక్కలు, కీరా చక్రాలు, సన్నగా చీరిన ఉల్లిపాయ, పచ్చి కాప్సికం, నల్ల ఆలివ్ కాయలు, వాటన్నిటి మీద అడ్డంగా పెట్టిన ఫెటా చీజ్ పలక. గ్రీసులో దీన్ని హొరియాతికి అంటారు, పల్లెటూరి సలాడ్ అని. హోటళ్ల మెనూలూ పర్యాటక కరపత్రాలూ దీన్ని వేల ఏళ్లనాటి తిండిగా పరిచయం చేస్తుంటాయి. పైన పోసే నూనె, వెనిగర్, నలిపి చల్లే ఒరెగానో ఆకు సంగతి చివరి వాక్యంలో వస్తుంది, అదీ వస్తే. నేను చెప్పబోయేది దీనికి సరిగ్గా ఎదురు మాట. ఈ పళ్లెంలో పాతకాలానికి చెందింది ఏదైనా ఉందంటే అది కూరగాయల మీద పోసేదే. కూరగాయలు ఒక్కొక్కటిగా, ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరాయి. నూనె, పులుపు, ఉప్పు, ఒరెగానో మాత్రం ఏజియన్ తీరాల్లో 2,400 ఏళ్ల కిందటే ఉన్నాయి. ఈ సంగతి పట్టుకుంటేనే, ఇవాళ సీసాల్లో అమ్మే ‘గ్రీక్ డ్రెస్సింగ్’ గ్రీసులో కాకుండా అమెరికాలో ఎందుకు పుట్టిందో కూడా అర్థమవుతుంది.

ముందు కూరగాయల వయసు చూద్దాం. టమాటా, కాప్సికం రెండూ అమెరికా ఖండాల పంటలు. కొలంబస్ ప్రయాణం దాకా మధ్యధరా ప్రాంతంలో వాటి ఊసే లేదు. గ్రీసులో టమాటాను మొదట 1818లో ఏథెన్స్‌లోని కపూచిన్ సన్యాసుల మఠం తోటలో పెంచారని చెబుతారు. అది వంటింట్లో కుదురుకోవడానికి ఆ శతాబ్దంలో చాలా భాగం పట్టింది. కీరా పుట్టిల్లు మన దేశమే, హిమాలయాల దిగువ ప్రాంతం. ప్రాచీన గ్రీకులు కీరా తిన్నారని పాత అనువాదాల్లో కనిపిస్తుంది గానీ, వాళ్లు తిన్నది కర్బూజా జాతికి చెందిన పొడవాటి నూగు కాయ అనీ, అసలు కీరా యూరప్‌కు మధ్యయుగాల్లోనే చేరిందనీ పాత బొమ్మలూ గ్రంథాలూ కలిపి పరిశీలించిన వృక్షశాస్త్రజ్ఞులు 2012లో గట్టి ఆధారాలతో చూపించారు. చీజ్ సంగతి కొంచెం మెరుగు. గొర్రె పాలతో చీజ్ చేయడం హోమర్ కాలానికే తెలుసు. 1494లో క్రీట్ ద్వీపంలో ఆగిన మిలాన్ యాత్రికుడు పియెత్రో కసోలా, గోదాముల్లో ఉప్పునీళ్లలో తేలుతున్న చీజ్ ముద్దలను చూసి రాసుకున్నాడు. అయినా సలాడ్ మీద ఫెటా పలక పెట్టి వడ్డించే రూపం 20వ శతాబ్దం రెండో సగంలో, ఏథెన్స్‌కు పర్యాటకుల తాకిడి పెరిగాక స్థిరపడింది. అంటే పళ్లెంలో కనిపించే వాటిలో ప్లేటోకు పరిచయం ఉన్నవి ఉల్లిపాయ, ఆలివ్ కాయ, చీజ్ మాత్రమే.

ఇక పైన పోసే దాని దగ్గరికి వద్దాం. దానికి ఉన్న అన్నిటికంటే విలువైన సాక్ష్యం సముద్రగర్భంలో దొరికింది. ఖియోస్ ద్వీపం ఒడ్డుకు దగ్గరలో, సుమారు 70 మీటర్ల లోతున, క్రీ.పూ. 4వ శతాబ్దంలో మునిగిన ఓడ ఒకటుంది. వందలాది ఆంఫొరా జాడీలు, అంటే రెండు చెవులు, సన్నటి అడుగు ఉన్న మట్టి జాడీలు, అక్కడ గుట్టగా పడి ఉన్నాయి. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ, స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అక్కడి జాడీలను పరీక్షించారు. కంటికి అవి ఖాళీ జాడీలే. సముద్రపు నీళ్లు ఇన్ని శతాబ్దాలుగా కడిగేశాక లోపల ఏముంటుంది? అయినా కాల్చిన మట్టికి సన్నటి రంధ్రాలుంటాయి, జాడీలో పోసినది కొంత వాటిలోకి ఇంకుతుంది. లోపలి గోడను కొద్దిగా గీకి తీసిన ఆ పొడిలో డీఎన్ఏ కోసం వెతికితే, ఒక జాడీలో ఆలివ్‌దీ, ఒరెగానోదీ బయటపడ్డాయి. ఖియోస్ వైన్‌కు పేరుమోసిన ద్వీపం, అక్కడి జాడీలంటే వైన్ జాడీలే అని చరిత్రకారులు అనుకునేవారు. ఈ ఫలితం ఆ అంచనాను తారుమారు చేసింది. జాడీలో ఉన్నది ఒరెగానో వేసి ఊరబెట్టిన ఆలివ్ నూనె అయి ఉండాలి. అది మందు కోసమో ఒంటికి రాసుకోవడానికో కాదా అని అడగవచ్చు, అడగాల్సిన ప్రశ్నే. కానీ గ్రీసు పల్లెల్లో నిన్నటిదాకా నూనెలో ఒరెగానో వేసి ఉంచేవారు, రుచి కోసమూ, నూనె తొందరగా ముక్కవాసన పట్టకుండా ఉండటం కోసమూ. ఆ ఆకులో ఉండే కార్వక్రాల్ అనే పదార్థం నూనె చెడకుండా అడ్డుకుంటుంది. మన వాములో ఘాటునిచ్చే థైమాల్‌కు అది తోబుట్టువు లాంటిది. ఒరెగానో ఎప్పుడూ వాసన చూడనివాళ్లు వామును అరచేతిలో నలిపి చూస్తే సగం దారి చేరినట్టే. వ్యాపార ఓడలో జాడీకెత్తిన సరుకు అది అంటే, కొనేవాళ్లూ ఎదురుచూసేవాళ్లూ అవతలి ఒడ్డున ఉన్నారన్నమాట.

పులుపుకు సాక్ష్యం రాతల్లో ఉంది, మట్టిపాత్రల్లోనూ ఉంది. గ్రీకుల భోజనాల బల్ల మీద వెనిగర్ పోసి ఉంచే చిన్న గిన్నె ఎంత మామూలు వస్తువంటే, దాని పరిమాణమే ఒక కొలతగా చెలామణీ అయ్యింది. ఇప్పటి లెక్కలో దాదాపు 68 మిల్లీలీటర్లు. నూనె విలువ అయితే చట్టాలకెక్కింది. క్రీ.పూ. 594 ప్రాంతంలో సోలోన్ ఏథెన్స్ పంటల్లో ఆలివ్ నూనెను తప్ప దేన్నీ ఎగుమతి చేయకూడదని శాసించాడని ప్లూటార్క్ రాశాడు. వీటన్నిటికంటే నన్ను ఆకట్టుకునేది క్రీ.పూ. 4వ శతాబ్దపు సిసిలీ గ్రీకు కవి ఆర్కెస్ట్రాటస్. తిండి గురించి అతడు రాసిన కావ్యం పూర్తిగా దొరకలేదు, ముక్కలు మాత్రం వాటిని ఉటంకించిన తర్వాతి కాలపు గ్రీకు రచయిత అథెనేయస్ పుణ్యమా అని మిగిలాయి. తాజా చేప దొరికితే ఉప్పు, నూనె చాలునంటాడు. సిరక్యూజ్ వంటవాళ్లను దగ్గరికి రానివ్వొద్దనీ, ప్రతిదాని మీదా చీజ్ కుమ్మరించి, నీళ్లనీళ్ల వెనిగర్ చల్లి మంచి సరుకును పాడుచేస్తారనీ విరుచుకుపడతాడు. పోసేది ఎంత, ఏది, ఎప్పుడు అన్న తగువు అప్పటికే ముదిరిపోయిందని దీనివల్ల తెలుస్తుంది. అలవాటు ఎంతో పాతుకుపోతే తప్ప దాని మీద అంత కోపం రాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది, తేలిగ్గా తోసేయదగింది కాదు. నూనె, వెనిగర్ మధ్యధరా చుట్టూ ఉన్న అందరివీ కదా, ఇటలీ, స్పెయిన్, లెబనాన్ అన్నీ వాడతాయి కదా, దీన్ని గ్రీకులదని ఎలా అంటారు? సొంతదారు ఎవరన్నది తేల్చడం నా ఉద్దేశం కాదు. ఒక చోట ఒక కలయిక ఎంతకాలం నిలిచింది అన్నదే ప్రశ్న. ఆ లెక్కన చూస్తే పొరుగువాళ్లతో పోలిక ఉపయోగపడుతుంది. అపీసియస్ పేరుతో మనకు చేరిన రోమన్ వంటల గ్రంథంలో లెట్యూస్ అరగడానికని చెప్పిన మిశ్రమంలో జీలకర్ర, అల్లం, మిరియాలు, ఖర్జూరం, తేనె, వెనిగర్ అన్నీ పడతాయి. రోము ధనికుల వంట దూరదేశాల మసాలా దినుసుల్ని చూపించుకునే వంట, వాటిలో మిరియాలు మన పడమటి తీరం నుంచే వెళ్లేవి. గ్రీకు పద్ధతిలో దూరం నుంచి తెచ్చుకోవాల్సింది ఒక్కటీ లేదు. నూనె గట్టు మీది చెట్టుది, వెనిగర్ పులిసిన వైన్, ఉప్పు సముద్రానిది, ఒరెగానో ఎవరూ నాటకుండా కొండవాలున పెరిగే మొక్క. కొనక్కర్లేనివాటితో చేసుకునేది కాబట్టే రాజ్యాలు మారినా, వ్యాపార మార్గాలు మూతపడినా ఇది పోలేదు.

రెండో ఆక్షేపణ మరింత పదునైనది. 19వ శతాబ్దంలో కొత్తగా ఏర్పడిన గ్రీసు దేశం తనను తాను ప్రాచీన ఏథెన్స్ నేత పెరిక్లీస్ వారసుడిగా చూపించుకోవడానికి తహతహలాడింది, భాష నుంచి భవనాల దాకా మధ్యలోని 2,000 ఏళ్లను దాటేయాలని చూసింది. ప్రాచీన నౌకలో దొరికిన జాడీని ఇవాళ్టి తవెర్నా, అంటే గ్రీకు భోజన హోటల్, బల్లకు ముడిపెట్టడం కూడా అలాంటి కట్టుకథే కాదా? ఈ అనుమానం న్యాయమైనదే, కాబట్టి మధ్య కాలానికి సాక్ష్యం కావాలి, అదీ పొగడ్తకు పూనుకోని సాక్షి అయితే మేలు. అలాంటివాడు క్రెమోనా బిషప్ లియుత్‌ప్రాండ్. 968లో చక్రవర్తి మొదటి ఒట్టో తరఫున కాన్‌స్టాంటినోపుల్‌కు రాయబారిగా వెళ్లి, అవమానాలు భరించి, కక్షతో నివేదిక రాశాడు. అక్కడి చక్రవర్తి విందులో వంటకాలన్నీ నూనెలో మునిగి ఉన్నాయనీ, పైన చేపల ఉప్పునీరేదో చల్లారనీ అసహ్యించుకున్నాడు. అతడు మెచ్చుకోవాలని రాయలేదు కాబట్టే ఆ మాట నమ్మదగింది. ఆర్థడాక్స్ చర్చి ఉపవాస నియమాలు ఇంకో సాక్ష్యం. కఠిన ఉపవాసపు రోజుల్లో ఆలివ్ కాయ తినవచ్చు, ఆలివ్ నూనె మాత్రం నిషేధం. నాలుకకు సుఖమనిపించిన దాన్నే కదా ఎవరైనా వదులుకోమనేది. అయితే ఈ కొనసాగింపు అంతటా ఒకేలా ఉండేదని అంటే అబద్ధమవుతుంది. ఆలివ్ బతకని ఉత్తరపు కొండల్లో వెన్నే వాడేవారు. 18వ శతాబ్దంలో క్రీట్ నూనె చాలావరకు మార్సెయ్ సబ్బు కార్ఖానాలకు ఓడలెక్కి పోయింది. ఇంత జరిగినా 1948లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తరఫున క్రీట్‌లో సర్వే చేసినవాళ్లను యుద్ధంతో చితికిపోయిన ఇళ్లలో కూడా ఆశ్చర్యపరిచింది కూరల మీద పోసుకునే నూనె ఎంతుందన్నదే. ఆ క్రీట్‌ను కూడా కలుపుకుని తర్వాత శాస్త్రవేత్త యాన్సెల్ కీస్ చేసిన ఏడు దేశాల అధ్యయనం ప్రపంచానికి మధ్యధరా ఆహారం గొప్పదనే నమ్మకాన్ని ఇచ్చింది.

గ్రీకు ఇంట్లో సలాడ్ మీద పోసేదాన్ని ఎలా చేస్తారన్నది దగ్గరగా చూస్తే ఒక విషయం తేటపడుతుంది. అక్కడ దీన్ని విడిగా కలిపి పెట్టుకోరు. టమాటాలు కోసి పళ్లెంలో వేసి ముందుగా ఉప్పు చల్లుతారు. ఉప్పు నీళ్లను లాగుతుంది, ఐదారు నిమిషాల్లో ముక్కల కింద పలచటి ఎర్రటి రసం ఊరుతుంది. ఆ తర్వాత వెనిగర్, వేసేటట్టయితే. చివర నూనె, చెయ్యి వెనక్కి లాక్కోకుండా. ఈ వరసకు కారణం ఉంది. ఉప్పు నూనెలో కరగదు, నూనె ముందు పడితే ముక్కల మీద పొరలా పట్టుకుని ఉప్పునూ పులుపునూ దరిచేరనివ్వదు. ఆఖర్న ఎండు ఒరెగానో రెమ్మను అరచేతుల మధ్య నలిపి రాలుస్తారు. వేసవిలో పూత మీద ఉండగా కోసి, కట్టలు కట్టి నీడలో ఆరబెట్టిన ఆకు అది, పచ్చి ఆకుకంటే ఎండుదే ఘాటు. బాగా పండిన టమాటా ఉంటే వెనిగర్ అక్కర్లేదనేవాళ్లు చాలామంది, ఆ మాటలో నిజముంది, టమాటా రసమే పుల్లన. నూనె, రసం, ఫెటా పొడి, ఒరెగానో కలిసి పళ్లెం అడుగున చేరే ద్రవంలో రొట్టె ముక్క అద్దుకుని తినడమే చాలామందికి అసలు భోజనం. ఇక్కడ డ్రెస్సింగ్ సగం పోసేది, సగం ఊరేది. దాన్ని సీసాలో పట్టడం అనే ఆలోచనే రాదు, ఎందుకంటే టమాటా లేకుండా అది పూర్తికాదు.

మరి సీసా ఎక్కడి నుంచి వచ్చింది? దానికి మూలం ఎండుద్రాక్ష. 19వ శతాబ్దం రెండో సగంలో గ్రీసు ఎగుమతుల్లో సింహభాగం పెలొపొనీస్‌లో పండే చిన్న నల్ల ఎండుద్రాక్షదే. ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్సు ద్రాక్షతోటల్ని తినేయడంతో అక్కడి వైన్ తయారీదారులు ఈ ఎండుద్రాక్ష కోసం ఎగబడ్డారు. ధరలు చూసి గ్రీకు రైతులు ఉన్న ఆలివ్ చెట్లను కొట్టేసి ద్రాక్ష తీగలు నాటారు. తరాల తరబడి కాసే చెట్టును నాలుగేళ్ల ధర కోసం నరికారంటే ఆ ఆశ ఎంతటిదో ఊహించవచ్చు. ఫ్రాన్సు తోటలు కోలుకున్నాయి, సుంకాలు పెరిగాయి, 1893లో ధర కుప్పకూలింది. ఆ ఏడాది చివర గ్రీసు ప్రభుత్వమే దివాళా ప్రకటించింది. తర్వాత మూడు దశాబ్దాల్లో, 1924లో అమెరికా తలుపులు మూసేదాకా, సుమారు 4 లక్షల మంది గ్రీకులు అట్లాంటిక్ దాటారు. వాళ్లలో ఎందరో షికాగో, డెట్రాయిట్, న్యూయార్క్ లాంటి నగరాల్లో మిఠాయి దుకాణాలు, చిన్న హోటళ్లు పెట్టారు. వంటగదిలో వాళ్లకు దొరికినవి వేరు. ఎండాకాలం తప్ప మంచి టమాటా లేదు. ఏడాది పొడవునా చవకగా ఉండేది కాలిఫోర్నియా నుంచి ఐస్ గడ్డల మధ్య రైళ్లలో వచ్చే గట్టి లెట్యూస్. ఆలివ్ నూనె ఖరీదు, చేతికందేది గింజల నుంచి తీసిన రుచిలేని నూనె.

ఆ సలాడ్‌కు పాత పద్ధతి పనికిరాదు. లెట్యూస్ ఆకు రసం ఊరదు, కాబట్టి పళ్లెం అడుగున ఏమీ తయారవదు. ఆకుకు మైనపు పొర ఉంటుంది, వెనిగర్ జారి అడుక్కి పోతుంది, నూనె మాత్రం అంటుకుని ఆకును వాడిపోయేలా చేస్తుంది. రెండిటినీ ముందే కలిపి చిక్కబరిస్తే తప్ప సమంగా పట్టదు. అందుకే ఆవాల ముద్ద వచ్చింది. ఆవగింజ తొక్కలోని జిగురు నూనె చుక్కల్ని విడిపోకుండా పట్టి ఉంచుతుంది. నూనెకు సొంత రుచి లేని లోటును వెల్లుల్లి, రెట్టింపు ఒరెగానో, కొంచెం పంచదార తీర్చాయి. రద్దీ వేళ ప్రతి పళ్లెం మీదా విడివిడిగా పోసే తీరిక లేని హోటల్లో, పొద్దున్నే కలిపి సీసాలో పెట్టుకోవడం పనివాళ్లకు సుళువు. ఇలా పుట్టింది ‘గ్రీక్ డ్రెస్సింగ్’. ఊరూరా కొత్త రూపాలూ పుట్టాయి. డెట్రాయిట్‌లో గ్రీకు సలాడ్‌లో బీట్‌రూట్ ముక్కలు పడ్డాయి, సముద్రంలో మునిగి స్పాంజీలు తీసే గ్రీకు గజ ఈతగాళ్లు స్థిరపడ్డ ఫ్లోరిడాలోని టార్పన్ స్ప్రింగ్స్‌లో అడుగున బంగాళాదుంప సలాడ్ చేరింది. ఇదే కాలంలో ఏథెన్స్ మధ్యతరగతి ఇంకో దారిన వెళ్లింది. నికొలాస్ త్సెలెమెంతెస్ వంటల పుస్తకాల ప్రభావంతో అక్కడి విందుబల్లలు ఫ్రెంచి వంటకు, వెన్నతో చేసే తెల్లటి సాస్‌లకు మొగ్గాయి. ఒక విధంగా చూస్తే నూనె, వెనిగర్, ఒరెగానోలను వదలకుండా పట్టుకున్నది సొంత ఊరి ధనికులకంటే పరదేశంలోని హోటల్ పనివాళ్లే.

అందుకే అమెరికా సీసాను నకిలీ అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. టమాటా పళ్లేనికి చేసే పద్ధతిని ఆకు పళ్లేనికి మార్చుకోవడం వంట తెలిసినవాళ్లు చేసే పని. అందులో లోపం ఎక్కడంటే, ఇప్పటి దుకాణాల్లో అమ్మే చాలా సీసాల్లో మొదటి దినుసు సోయా నూనె. ఆ రోజుల్లో పేదరికం వల్ల తప్పనిసరై వాడినదాన్ని, ఆలివ్ నూనె అందరికీ దొరికే కాలంలోనూ కొనసాగించడానికి రుచిపరంగా ఏ సమర్థనా లేదు. అమెరికాలో ఉంటున్న తెలుగు ఇళ్లలోకీ ఈ సీసా చేరింది కాబట్టి చెప్పడం మేలు: ఇంట్లో చేసుకోవడం ఐదు నిమిషాల పని. మూత గట్టిగా బిగిసే గాజు సీసాలో రెండు పెద్ద చెంచాల ఎర్ర వైన్ వెనిగర్, అర చెంచా ఉప్పు వేసి ముందు ఉప్పు కరగనివ్వాలి. అర చెంచా ఆవాల ముద్ద, నలిపిన ఎండు ఒరెగానో ఒక చెంచా, ఆపైన ఆరు పెద్ద చెంచాల ఆలివ్ నూనె పోసి, మూత పెట్టి చిక్కబడేదాకా ఊపాలి. వెల్లుల్లి నలిపి వేస్తే రెండు మూడు రోజుల్లో వాడేసి, అప్పటిదాకా ఫ్రిజ్‌లోనే ఉంచాలి. నూనెలో మునిగిన పచ్చి వెల్లుల్లిని బయట వదిలేస్తే బోట్యులిజం అనే ప్రాణాంతక వ్యాధిని కలిగించే విషం తయారయ్యే ప్రమాదం ఉంది. ఫ్రిజ్‌లో మంచి ఆలివ్ నూనె గడ్డకట్టినట్టవుతుంది, బయట కాసేపు పెడితే కరుగుతుంది. ఇదంతా ఆకుల సలాడ్‌కు. టమాటా, కీరా సలాడ్‌కయితే సీసా జోలికి పోకుండా ఉప్పు, వెనిగర్, నూనె ఆ వరసలోనే పళ్లెంలోకి పోసుకోవాలి.

గ్రీసులో ఈ పోసే చేతి మీద చట్టం కూడా మాట్లాడింది. తవెర్నా బల్లల మీద నింపి నింపి వాడే నూనె పాత్రల్లో ఆలివ్ పేరు చెప్పి చవక నూనె పోస్తున్నారన్న ఫిర్యాదులతో, 2013లో యూరోపియన్ కమిషన్ అలాంటి పాత్రలను యూరప్ అంతటా నిషేధించబోయి, విమర్శలు రాగానే కొద్ది రోజుల్లో వెనక్కి తగ్గింది. గ్రీసు సొంతంగా ఆ నిషేధం తెచ్చింది. 2018 నుంచి అక్కడి హోటళ్లు మూత ఊడదీస్తే మళ్లీ నింపడానికి వీల్లేని సీసాల్లోనే నూనె పెట్టాలి. కలిపిన డ్రెస్సింగ్ వడ్డించే దేశానికి ఇలాంటి చట్టం అవసరం రాదు, అక్కడ నూనె వంటింట్లోనే పనైపోతుంది. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు తమ పళ్లెంలో తామే నూనె పోసుకునే అలవాటు ఇంకా మిగిలి ఉన్నచోటే ఆ సీసాలో ఏముందో ప్రభుత్వం పూచీ పడాల్సి వస్తుంది.